చాకలి ఐలమ్మ

చిట్యాల ఐలమ్మ లేదా చాకలి ఐలమ్మ (1895 సెప్టెంబర్ 26 - 1985 సెప్టెంబర్ 10) తెలంగాణ రైతాంగ పోరాటపు తొలి దశలో భూమి కోసం, పండించిన పంట కోసం నిలబడిన వీరవనిత. నేటి జనగామ జిల్లా పాలకుర్తి గ్రామంలో కౌలుకు తీసుకున్న నాలుగు ఎకరాల పొలంలోని వరి పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కకుండా తన ఇంటికి చేర్చుకోవడంతో ఈమె పేరు నిజాం రాజ్యమంతటా మారుమ్రోగింది. వెట్టిచాకిరీ చేసే కులంలో పుట్టి, చదువు లేక, భూమి లేక బ్రతికిన ఒక స్త్రీ 1940లలో దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలవడం అంతకు ముందు ఆ ప్రాంతంలో ఎరుగని సంగతి. ఈమెను సాధారణంగా భూపోరాటానికి సంకేతంగా పేర్కొంటారు. కానీ ఆ పోరాటంలో భూమి ఎంత ముఖ్యమో, ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా తిండి పెట్టగల ధాన్యం కూడా అంతే ముఖ్యం.

బాల్యం, కుటుంబం

ఐలమ్మ వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని క్రిష్టాపురం గ్రామంలో ఓరుగంటి మల్లమ్మ, సాయిలు దంపతులకు నాల్గవ సంతానంగా జన్మించింది. పుట్టిన సంవత్సరాన్ని కొందరు 1919గా వ్రాశారు. అయితే 1944-45 నాటి సంఘటనలలో ఈమె ఎదిగిన కొడుకుల తల్లిగా కనిపిస్తుంది. ఆ కొడుకులు సంఘంలో చేరి, కేసులలో ఇరుక్కుని, జైలుకు వెళ్ళారు. కాబట్టి 1895 అనడమే పొసగుతుంది. ఆనాటి ఆచారం ప్రకారం చిన్నతనంలోనే ఈమెకు పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతో వివాహం జరిగింది. వీరికి ఐదుగురు కుమారులు, ఒక కుమార్తె. పాలకుర్తి గుట్టపై వెలసిన సోమేశ్వర లక్ష్మీనరసింహ స్వాముల పేర్లే ఆ ఇంటి పిల్లల పేర్లలోనూ వినిపిస్తాయి. పాల్కురికి సోమనాథుడు పుట్టిన ఊరుగా సాహిత్యంలో ప్రసిద్ధమైన పాలకుర్తి ఇదే.

అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. 1953లో దీనిని వరంగల్ జిల్లాలో కలిపారు. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మొదలైనవి వేరు వేరు జిల్లాలుగా ఏర్పడ్డాయి. పాత పుస్తకాలలో ఐలమ్మను నల్గొండ జిల్లా వాసి అనీ, తరువాతి వాటిలో వరంగల్ జిల్లా వాసి అనీ వ్రాయడానికి కారణం ఇదే.

ఆనాటి తిండి, వెట్టి

ఐలమ్మ చేసిన పని ఎంత పెద్దదో తెలియాలంటే చాకలి కుటుంబం ఎలా తిని బ్రతికేదో తెలుసుకోవాలి. ఊరి బట్టలు ఉతకడం, పురిటి గుడ్డలు ఉతకడం, పెళ్ళిళ్ళలోనూ ఊరేగింపులలోనూ దివిటీ పట్టడం వీరి వృత్తి. దీనికి నెలజీతం ఉండేది కాదు. పంట కోతల కాలంలో రైతులు కల్లం దగ్గర ఇచ్చే కొంత ధాన్యం, దీనినే మేర అంటారు, ఏడాదికి ఆధారం. మిగిలిన రోజుల్లో సాయంత్రం పూట చాకలి స్త్రీ గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తెచ్చుకోవాలి. ఒక ఇంటి జొన్న గట్క, మరో ఇంటి పులిసిన కూర, ఇంకో ఇంటి మెతుకులు ఒకే గంపలో కలిసిపోయేవి. పిల్లలు తినేది ఆ తిండే. ఏ ఇంటివారికి కోపం వచ్చినా ఆ పూటకు ఒక వాటా తగ్గుతుంది. దొరకు కోపం వస్తే ఊరే తలుపు మూసేది. కష్టం చేసి సంపాదించుకున్న తిండే అయినా అది దయతో పెట్టినదిగా లెక్కకు వచ్చేది.

ఆ ప్రాంతంలో పేదల ప్రధాన ఆహారం జొన్న. జొన్న గట్క, అంబలి, వాటికి తోడు పచ్చిమిరపకాయ, చింతపండు పులుసు. చెరువు క్రింది పొలాల్లో పండే వరి అన్నం పండుగ పూట తప్ప చాలామందికి దొరికేది కాదు. జొన్న ఒక్కదానిమీదనే బ్రతికే దక్కను పీఠభూమి పేదలలో పెల్లాగ్రా అనే లోపవ్యాధి కనబడుతున్నదని హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు కొలుత్తూర్ గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రకటించారు. జొన్న చెడ్డ ధాన్యం కాదు. పప్పు, పాలు, కూరగాయలు తోడులేని జొన్నే ఈ చిక్కు తెచ్చేది.

వెట్టి దీనికి మించిన బాధ. దొర గడీలోనూ, గ్రామాధికారుల ఇళ్ళలోనూ కూలి లేకుండా చేయవలసిన పనిని వెట్టి అంటారు. ప్రతి వృత్తికులానికీ అందులో వాటా ఉండేది. చాకలివారు గడీ బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి, అధికారులు మకాం వేసినప్పుడు మంచాలూ పడకలూ మోయాలి. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, గొల్ల గొర్రెలు ఇచ్చుకోవాలి. బాలింతలను సైతం వదిలేవారు కాదు. చంటిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన తల్లికి పాలిచ్చి రావడానికి సెలవు దొరకని కథలు జనగామ తాలూకా గ్రామాల్లో ఎన్నో చెప్పుకునేవారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకాన్ని ప్రారంభించింది. అంతకు 70 ఏళ్ళ క్రితం అవే ఊళ్ళలో బాలింత తన శరీరంపై తనకు హక్కు లేకుండా బ్రతికిందని గుర్తుంచుకుంటే గానీ ఆనాటి స్త్రీలు సంఘాన్ని ఎందుకు అంతగా నమ్మారో అర్థం కాదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం లేవీ పేరుతో రైతుల నుండి ధాన్యం వసూలు చేసింది. దేశ్‌ముఖ్‌లు, పెద్ద భూస్వాములు లెక్కలు మార్చి తప్పించుకునేవారు. ఆ భారం చిన్న రైతు గుమ్మి మీద పడేది. గుమ్మి ఖాళీ అయిన రైతు మళ్ళీ దొర దగ్గరే నాగు వడ్డీకి ధాన్యం అప్పు తెచ్చుకోవాలి. అప్పు తీర్చేటప్పుడు తెచ్చినదానికి మించి కొలిచి ఇవ్వాలి. 1943లో బెంగాలులో కరువు లక్షలాది ప్రాణాలు తీసిన కాలం అది. ధాన్యం ఎవరి చేతిలో ఉంటే బ్రతుకు వారి చేతిలో ఉన్నట్లే.

విసునూరు దేశ్‌ముఖ్

దేశ్‌ముఖ్‌లు పూర్వం శిస్తు వసూలు చేసే ఉద్యోగులు. నిజాం రాజ్యంలో పంతొమ్మిదవ శతాబ్దపు సంస్కరణలలో వసూలు పని ప్రభుత్వం చేతికి వచ్చినా, వారికి దక్కిన భూములూ పెత్తనమూ అలాగే మిగిలాయి. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక వెంకట రామచంద్రారెడ్డి ఏలుబడిలో 60 గ్రామాలు, 40 వేల ఎకరాల భూమి ఉన్నట్లు పుచ్చలపల్లి సుందరయ్య వ్రాశాడు. ఇతని తల్లి జానమ్మ కూడా పీడనకు పేరుమోసింది. వారి గడీ ఉన్న విసునూరు, ఆ తరువాత దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి గ్రామం, రెండూ నేటి జనగామ జిల్లాలో ఉన్నాయి.

దొర ఎక్కడో గడీలో ఉంటాడు. ఊరిలో అతని కన్నూ చెయ్యీ పట్వారీ. భూమి ఎవరి పేర ఉన్నదీ, ఎవరు దున్నుతున్నదీ వ్రాసే పహాణీ పుస్తకం పట్వారీ దగ్గరే ఉండేది. చదువు రాని ఊళ్ళో వ్రాయగలిగిన ఒకే ఒక్క మనిషి తలచుకుంటే ఒకరి భూమి రాత్రికి రాత్రి మరొకరిది అయ్యేది. పాలకుర్తిలో ఆ పట్వారీ వీరమనేని శేషగిరిరావు.

కౌలు పొలం

ఐలమ్మ కుటుంబం మల్లంపల్లి భూస్వామి నుండి పాలకుర్తిలో భూమి కౌలుకు తీసుకుంది. అందులో నాలుగు ఎకరాలను సాగులోకి తెచ్చింది. ఈ నాలుగు ఎకరాలే తరువాతి కథకంతటికీ మూలం. సొంత చేను ఉంటే సాయంత్రం గంప పట్టుకుని తిరగనక్కర లేదు. గుమ్మిలో వడ్లు ఉంటే దొరకు కోపం వచ్చినా ఆ పూట పొయ్యి వెలుగుతుంది. వెట్టికి పిలిస్తే రాననే ధైర్యం అప్పుడు వస్తుంది. పట్వారీకి సరిగ్గా ఇదే గిట్టలేదు. చాకలివాళ్ళు వ్యవసాయంలో స్థిరపడితే గడీకి, తన ఇంటికి వెట్టి చేసేదెవరు అన్నది అతని ప్రశ్న. ఐలమ్మ కుటుంబమంతా తన పొలంలో పని చేయాలని అతను ఒత్తిడి తెచ్చాడు. ఐలమ్మ ఒప్పుకోలేదు.

అప్పటికి ఆంధ్ర మహాసభ ఊరూరా పాకుతున్నది. 1930లో జోగిపేటలో మొదటి సభ జరిపిన ఈ సంస్థ మొదట్లో భాషా సంస్కృతుల రక్షణ, గ్రంథాలయాలు, పాఠశాలల మీద ఎక్కువగా దృష్టి పెట్టింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన 11వ సభ తరువాత కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చి పల్లె పేదల సంస్థగా మారింది. వెట్టి రద్దు, కౌలుదార్ల తొలగింపు ఆపడం, అక్రమ లేవీ వసూళ్ళ నిలుపుదల దాని కోరికలు. జనం దీనిని సంఘం అని పిలిచేవారు. ఐలమ్మ సంఘంలో చేరింది, ఆమె ఇల్లు సంఘం కార్యకర్తలకు ఆశ్రయమయ్యింది. అంతవరకూ పట్వారీతో తగవుగా ఉన్నది అక్కడి నుండి దేశ్‌ముఖ్‌తో తగవు అయింది.

రామచంద్రారెడ్డి మొదట కేసులతో మొదలుపెట్టాడు. పాలకుర్తిలో సంఘం సభను చెదరగొట్టడానికి రౌడీలను పంపాడు. అది బెడిసికొట్టగానే హత్యాప్రయత్నం కేసు పెట్టి సంఘం నాయకులతో పాటు ఐలమ్మ భర్తను, కొడుకులను కూడా ఇరికించాడు. మగవారు జైలులో ఉన్న ఇంట్లో ఆడదీ పిల్లలూ ఎంతకాలం నిలుస్తారు అన్నది దొర లెక్క. న్యాయస్థానంలో ఐలమ్మ పక్షాన వాదించిన న్యాయవాదులలో కొండా లక్ష్మణ్ బాపూజీని ముఖ్యంగా చెప్తారు. తీర్పు దేశ్‌ముఖ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. కాగితం యుద్ధంలో ఓడిన దొర పొలాన్ని తనదిగా వ్రాయించుకున్నాడు. పంట పండే దాకా ఆగాడు. విత్తనం, నాటు, కలుపు ఐలమ్మ వంతు, కోత మాత్రం తన వంతు అని అతని ఆలోచన.

వరి కోత

వరి కోతకు వచ్చిన రోజున దేశ్‌ముఖ్ దాదాపు 100 మందిని పొలం మీదకు పంపాడు. వారిని ఎదుర్కోవడానికి వచ్చిన సంఘం కార్యకర్తలు 28 మంది. వారిలో భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లా నర్సింహులు వంటివారున్నారు. చేతుల్లో గుత్పలు, అంటే దుడ్డుకర్రలు. ఆ కర్రల వలననే సంఘానికి గుత్పల సంఘమనే పేరు కూడా వచ్చింది. దొర మనుషులు సంఖ్యలో ఎక్కువే అయినా నిలబడలేక పారిపోయారు. కూలికి వచ్చినవారికి ఆ పొలం మీద ఏ పట్టింపూ లేదు, సంఘం వారికి ఉన్నది. గెలుపుకు కారణం బహుశా అంతకు మించి లేదు.

కార్యకర్తలు పంట కోసి, ధాన్యం రాల్చి, భుజాల మీద మోసుకుని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఒక చాకలి ఇంటికి ఊరి యువకులు, వారిలో పై కులాలవారు కూడా, వడ్లు మోసుకుని వెళ్ళడం పాలకుర్తి వారు కళ్ళారా చూశారు. రోజూ గంప మోసుకుని గడప గడపకూ వెళ్ళిన మనిషి గడపకే ఆ రోజు ధాన్యం నడిచి వచ్చింది. ఈ దృశ్యమే చుట్టుపక్కల ఊళ్ళకు అన్నిటికంటే వేగంగా ప్రాకిన వార్త.

ఆ రాత్రే పోలీసులు నాయకులను పట్టుకుని విసునూరుకు తీసుకుపోయి చిత్రహింసలు పెట్టారు. అయినా ఇంటికి చేరిన ఆ ధాన్యాన్ని దేశ్‌ముఖ్ వెంటనే తిరిగి తీసుకుపోలేకపోయాడు. భూమి కూడా ఐలమ్మ సాగులోనే నిలిచింది.

ప్రతీకారం

దొర ఊరుకోలేదు. తరువాతి దాడులలో ఐలమ్మ ఇంటిని తగులబెట్టారు. ఉన్న కాస్త డబ్బూ, ధాన్యమూ ఎత్తుకుపోయారు. ఆ ఇంటి ఆడపిల్లపై అత్యాచారం చేశారు. స్త్రీ ఎదురు తిరిగితే శిక్ష ఆమె ఇంటి ఆడవారి శరీరాలపై వేయడం గడీల పాత పద్ధతి. వీరగాథలలో ఈ భాగాన్ని ఒక వాక్యంలో దాటవేయడం పరిపాటి. నిజానికి ఐలమ్మ చెల్లించిన మూల్యంలో అన్నిటికంటే బరువైనది ఇదే. ఇంత జరిగినా ఆమె పాలకుర్తిని వదలలేదు, భూమినీ వదలలేదు.

ఐలమ్మ కుమారులు పట్వారీ శేషగిరిరావు ఇంటిని కూలదోసి ఆ స్థలంలో మొక్కజొన్న వేసి పండించారు. పగ తీర్చుకునే పద్ధతిగా చూస్తే ఇది విచిత్రంగా ఉంటుంది. ఊరి లెక్కలన్నీ తారుమారు చేసిన ఇంటి నేలను తిండిగింజలకు చేనుగా మార్చడంలో ఆ రైతు కుటుంబపు మనస్తత్వం కనబడుతుంది.

సాయుధ పోరాటంలోకి

పాలకుర్తి సంఘటనతో విసునూరు దొర ఓడిపోగలడన్న సంగతి జనానికి తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ళలో వెట్టి మానేసినవారు పెరిగారు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న జనంపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరుపగా కురుమ కుటుంబానికి చెందిన దొడ్డి కొమరయ్య మరణించాడు. సాధారణంగా సాయుధ పోరాటం ఇక్కడి నుండి మొదలైనట్లు వ్రాస్తారు. కొమరయ్య కంటే ముందే ఐలమ్మ వరిచేను ఉన్నదని గుర్తుంచుకోవాలి. ఒకే దొర, ఒకే తాలూకా, ఒకే సంఘం.

1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాంపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పోరాటం దాదాపు 3 వేల గ్రామాలకు వ్యాపించింది. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయిన తరువాత కూడా ఆగకుండా, భారత సైన్యాల ఒత్తిడికి దళాలు మానుకోట (మహబూబాబాద్) ప్రాంతపు అడవులకూ, ములుగు, భూపాలపల్లి వైపు గోదావరి అడవులకూ తరలిపోయాయి. 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ ప్రకటించారు. సుందరయ్య లెక్క ప్రకారం 10 లక్షల ఎకరాల భూమి పంపకమయ్యింది, 4 వేల మంది ప్రాణాలు కోల్పోయారు.

ఈ పోరాటంలో స్త్రీలు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం ఆయుధం పట్టారు. మల్లు స్వరాజ్యం భూస్వామి కుటుంబంలో పుట్టి, పదకొండేళ్ళ వయసులోనే ఇంటి కట్టుబాటు కాదని వెట్టివారికి బియ్యం పంచడంతో తన ప్రజాజీవితాన్ని ప్రారంభించింది. ఒకరు దొర కోతకు రాకుండా ధాన్యం కాపాడుకున్నారు, మరొకరు దొరతనం ఉన్న ఇంటి నుండే ధాన్యం బయటకు ఇచ్చారు. జనగామ ప్రాంతంలోనే ఖిలాషాపూర్‌కు చెందిన దూడల సాలమ్మ వంటి పేద స్త్రీలు కూడా పోరాటంలో నిలిచారు. నాయకులకు అన్నం పెట్టడం, దాచడం, కబురు చేరవేయడం వంటి పనులను ఊరి ఆడవారే మోశారు. దళాలకు అన్నం వండిపెట్టినందుకే దెబ్బలు తిన్న ఇళ్ళు ఎన్నో. ఈ పనిని పోరాటపు లెక్కలలో చాలాకాలం చేర్చలేదు.

తరువాతి జీవితం

నిజాం రాజ్యం పోయిన తరువాత 1949లో జాగీర్దారీ రద్దు అయింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే హక్కును గుర్తించింది. ఐలమ్మ వంటి కౌలుదార్లు కర్రలు పట్టుకుని సాధించుకున్నదానికి చట్టం ఆ విధంగా ఆలస్యంగా ఒక పేరు పెట్టింది. అమలు మాత్రం మళ్ళీ అదే పహాణీ పుస్తకం వ్రాసేవారి చేతిలోనే పడింది.

ఐలమ్మ ఆ తరువాత పదవులు కోరలేదు, పదవులు ఆమెను వెతుక్కుంటూ రాలేదు కూడా. పాలకుర్తిలోనే సాధారణ జీవితం గడిపింది. పార్టీ నాయకులుగా శాసనసభలకూ పార్లమెంటుకూ వెళ్ళినవారు చాలామంది ఉన్నారు, వారి కథలు వారు వ్రాసుకున్నారు. చదువు రాని ఐలమ్మ కథ ఇతరుల పుస్తకాలలో కొన్ని పుటలుగా మాత్రమే మిగిలిపోయేది. స్త్రీశక్తి సంఘటన అనే హైదరాబాదు స్త్రీల బృందం పోరాటంలో పాల్గొన్న మహిళలను కలిసి వారి మాటలను నమోదు చేసింది. ఐలమ్మ జ్ఞాపకాలు కూడా అందులో ఉన్నాయి. ఆ సంకలనం 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే పేరుతో వెలువడింది, 1989లో ఆంగ్లంలోనూ వచ్చింది. పోరాటం ముగిశాక స్త్రీలను మళ్ళీ వంటింటికి పంపివేశారన్న బాధ ఆ పుస్తకంలో చాలామంది గొంతుల్లో వినిపిస్తుంది. పోరాటంలో పంచిన భూమి ఇంటి మగవారి పేరునే ఉండిపోవడం కూడా చర్చకు వచ్చింది.

1985 సెప్టెంబర్ 10న ఐలమ్మ మరణించింది. ఆంధ్రప్రదేశ్‌లో కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చే హిందూ వారసత్వ చట్ట సవరణ 1986లో ఆమోదం పొందినా, అది 1985 సెప్టెంబర్ 5 నుండే వర్తించింది, అంటే ఆమె మరణానికి ఐదు రోజుల ముందు నుండి.

పేరు గురించి

ఈమె ఇంటిపేరు చిట్యాల. చాకలి అన్నది కులవృత్తిని తెలిపే పదం. పత్రికలూ, పోరాట సాహిత్యమూ చాకలి ఐలమ్మ అనే పేరునే స్థిరపరచాయి. దొరల పేర్ల ముందు ఇంటిపేరు, వెనుక బిరుదు వ్రాసి, పేదల పేర్ల ముందు కులం వ్రాయడం ఆనాటి అలవాటు, గొల్ల, కుమ్మరి, చాకలి అని. ఇది న్యాయం కాదని చిట్యాల ఐలమ్మ అని వ్రాసేవారు ఉన్నారు. మరోవైపు రజక సంఘాలు ఆ పదాన్నే గౌరవంగా నిలుపుకున్నాయి. ఈ రెండు వాదనలలోనూ బలమున్నది. ఈ వ్యాసంలో ప్రసిద్ధమైన పేరునే శీర్షికగా ఉంచడమైనది.

స్మృతి

ప్రత్యేక తెలంగాణ ఉద్యమ కాలంలో ఐలమ్మ పేరు మళ్ళీ విస్తృతంగా వినిపించింది. సభలలో, పాటలలో, ఊరేగింపు చిత్రపటాలలో ఈమె కనిపించేది. రాష్ట్రంలోని అనేక పట్టణాలలో, మండల కేంద్రాలలో ఈమె విగ్రహాలు నెలకొల్పారు. రాష్ట్రం ఏర్పడిన తరువాత సెప్టెంబర్ 10న వర్ధంతిని, సెప్టెంబర్ 26న జయంతిని తెలంగాణ ప్రభుత్వం అధికారికంగా నిర్వహించసాగింది.

హైదరాబాదులోని కోఠి మహిళా కళాశాల 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. 2024 సెప్టెంబర్‌లో ఐలమ్మ వర్ధంతి సందర్భంగా ఆ విశ్వవిద్యాలయానికి ఈమె పేరు పెడుతున్నట్లు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించాడు. ఆ కళాశాల పాత భవనం పద్దెనిమిదవ శతాబ్దం చివర నిజాం దర్బారులో ఆంగ్లేయ ప్రతినిధిగా పనిచేసిన కిర్క్‌పాట్రిక్ కట్టించడం మొదలుపెట్టిన రెసిడెన్సీ.